కిరీటం ఒక పనిముట్టు: హోసే సారియా దర్బారు డబ్బు ఎలా పోగుచేసింది

1960ల నడుమ శాన్‌ఫ్రాన్సిస్కోలో గే బార్ల యజమానుల సంఘం తన వార్షిక బాల్‌లో (నృత్యోత్సవంలో) హోసే సారియా అనే డ్రాగ్ గాయకుడికి, అంటే ఆడవేషంలో పాడేవాడికి, 'క్వీన్' పట్టం ఇచ్చింది. ఆయనకు ఆ బిరుదు ఆనలేదు. తాను ఎప్పటినుంచో క్వీనే, కొత్తగా ఇచ్చేదేముందన్నాడు. అక్కడి గే యాసలో ఆ మాటకు ఆడంగి వయ్యారాలు పోయే మగవాడనే అర్థం కూడా ఉంది, చమత్కారమంతా అందులోనే. రాణి కాదు, సామ్రాజ్ఞి అని తనకు తానే ప్రకటించుకున్నాడు. ఆ వేళాకోళం నుంచి పుట్టిన 'ఇంపీరియల్ కోర్ట్' (సామ్రాజ్య దర్బారు) 1965ను తన జన్మసంవత్సరంగా లెక్కేసుకుంటుంది. ఇవాళ దానికి అమెరికా, కెనడా, మెక్సికోల్లో అరవైకి పైగా శాఖలున్నాయి. వాటన్నిటి పనీ ఒకటే: ఏటా కొత్తవాళ్లకు కిరీటం పెట్టడం, ఆ ఏడాదంతా ఆ కిరీటం చేత చందాలు వసూలు చేయించడం.

సారియా గురించి రాసేటప్పుడు సాధారణంగా రెండు విషయాలు ముందుకొస్తాయి. అమెరికాలో గే అని బహిరంగంగా చెప్పుకుని ఎన్నికల్లో నిలబడ్డ మొదటి వ్యక్తి కావడం ఒకటి, ఆయన గౌన్లూ నగలూ రెండోది. రెండూ నిజమే. కానీ ఆయన వదిలివెళ్లిన వాటిలో ఎక్కువకాలం నిలిచింది ఒక ఏర్పాటు. మనుషుల్లో ఉండే డాబునీ పోటీతత్వాన్నీ బిరుదుల మోజునీ అణచిపెట్టకుండా, వాటినే గానుగకు కట్టి నూనె పిండుకున్నాడు. ఆ ఏర్పాటు ఎక్కడినుంచి వచ్చింది, ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చెడుతుంది అన్నది ఆయన జీవితకథ కన్నా తక్కువ ఆసక్తికరమేమీ కాదు.

స్త్రీ వేషం తెలుగువాళ్లకు కొత్త కాదు. సత్యభామగా స్థానం నరసింహారావు రంగం మీదికి వచ్చినా, కూచిపూడి భామాకలాపంలో వేదాంతం సత్యనారాయణ శర్మ జడ ముందుకు వేసుకున్నా, లోపలున్న మగవాడు ప్రేక్షకుడికి గుర్తురాకపోవడమే అక్కడి విద్య. అందుకే వాళ్లకు పద్మశ్రీలు వచ్చాయి. డ్రాగ్ దీనికి అన్నదమ్ముల వరస అయినా అదే కాదు. వేషం వెనకున్న మనిషి ఎవరో చూసేవాళ్లకు తెలియాలి, తెలుసునన్న సంగతి వేషగాడికీ తెలియాలి. నవ్వూ ఎత్తిపొడుపూ ఆ సందులోంచే వస్తాయి. సారియా అయితే పోలికను పూర్తిగా దాచే ప్రయత్నమే చేయలేదు. ఎత్తు మడమల జోళ్లు, మేజోళ్లు, నోటి దురుసు ఉంటే చాలు. ఇంకో తేడా, ఇప్పటి డ్రాగ్‌లో మామూలైపోయిన రికార్డుకు పెదవులు కదపడం ఆయన పద్ధతి కాదు. సొంత గొంతుతో, టెనర్ అనే హెచ్చు మగగొంతు స్థాయిలో పాడేవాడు. 'మాంట్‌గోమరీ వీధి కోకిల' అన్న పేరు అలా వచ్చిందే.

ఆయన 1922 డిసెంబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తల్లిది కొలంబియా, తండ్రిది నికరాగువా. తండ్రి అండ లేదు, తల్లి పనికి పోవాలి, దాంతో వేరే దంపతులు పెంచారు. మనిషి అయిదడుగులు కూడా ఉండడు. అయినా రెండో ప్రపంచయుద్ధం వచ్చేసరికి పట్టుబట్టి సైన్యంలో చేరి, 1947లో స్టాఫ్ సార్జెంటుగా బయటికొచ్చాడు. టీచరు కావాలన్నది కోరిక. ఒక పెద్ద హోటల్లో పోలీసులు 'అనైతిక ప్రవర్తన' నేరం మోపి పట్టుకోవడంతో ఆ దారి మూసుకుపోయింది. ఆ రోజుల్లో అలాంటి శిక్ష ఒక్కటి పడితే కాలిఫోర్నియాలో బడి పంతులు ఉద్యోగం దొరకదు. పరువు పోయిందని మూల కూర్చునే బదులు, పోవడానికి ఇక ఏమీ మిగలని మనిషి ఎంత స్వేచ్ఛగా ఉండగలడో అంత స్వేచ్ఛగా ఉండడం అక్కడినుంచే మొదలైంది.

బ్లాక్ క్యాట్: పళ్లెం పట్టుకుని పాట

710 మాంట్‌గోమరీ వీధిలో బ్లాక్ క్యాట్ అని ఒక బార్ ఉండేది. కవులు, ఓడ కూలీలు, గేలు, ఊరు చూడవచ్చినవాళ్లు అందరూ చేరేచోటు. సారియా అక్కడ కాక్‌టెయిల్ వెయిటరు. పళ్లెంలో గ్లాసులు పెట్టుకుని బల్లల మధ్య తిరుగుతూ, పియానో మీద వినిపించే స్వరానికి గొంతు కలిపేవాడు. జనం ఆగి వినడం మొదలుపెట్టాక పాటలు కాస్తా ప్రదర్శనలయ్యాయి. రాత్రికి మూడు నాలుగు ఆటలు, ఆదివారం మధ్యాహ్నం మాత్రం ఒపేరా (పాటల నాటకం). ఫ్రెంచి స్వరకర్త బిజే 'కార్మెన్' కథను తెచ్చి శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్‌లో పెట్టాడు. అందులో కార్మెన్ పొదల్లో దాక్కుంటూ పోలీసులకు దొరక్కుండా పరిగెత్తుతుంది. నవ్వుకు నవ్వు, వార్తకు వార్త. ఏ పార్కులో దాడులు జరుగుతున్నాయో, ఏ బార్‌లో మఫ్టీ పోలీసు కూర్చుంటున్నాడో పాటల మధ్యలోనే చెప్పేసేవాడు. మఫ్టీవాడు అప్పుడు ఎదురుగానే ఉంటే అతన్ని పరిచయం చేసి చప్పట్లు కొట్టించేవాడు. ఒకసారి అలా మొహం బయటపడ్డవాడు మళ్లీ ఎక్కడ పనికొస్తాడు!

ఆట అయ్యాక అందరినీ లేపి, చేతులు పట్టుకోమని, బ్రిటిష్ జాతీయగీతం బాణీలో తమ మీద తామే కట్టుకున్న పాట పాడించేవాడు. కొన్ని రాత్రులు జనమంతా బయటికి నడిచి, పట్టుబడి జైల్లో ఉన్న గే ఖైదీలకు వినబడేలా వీధిలోంచి అదే పాట అందుకునేవాళ్లు. విడిగా ఉంటే ఒక్కొక్కరినే పట్టుకుంటారు, కలిసి ఉంటే పట్టుకోలేరు అన్నది ఆయన రోజూ చెప్పిన పాఠం. పోలీసు దాడి పనిచేసేది భయపడి విడిపోయే గుంపు మీదే గనుక, ఆ పాఠం పాటకన్నా ముఖ్యమైన పని చేసింది.

చట్టం సంగతి కొంత వివరంగా చూడాలి, ఎందుకంటే చందాల ఏర్పాటుకు మూలం అక్కడే ఉంది. తనది కాని లింగానికి చెందిన దుస్తులతో జనంలోకి రావడం నేరమని శాన్‌ఫ్రాన్సిస్కో 1863లోనే శాసనం చేసుకుంది. అది రద్దయింది 1974లో. సారియా కాలానికి పోలీసులు దాన్ని 'మోసం చేసే ఉద్దేశం' అనే మాటతో కలిపి వాడేవాళ్లు. అందరూ వేషాలు వేసుకునే అక్టోబర్ 31 పండుగ హాలోవీన్ రాత్రి మాత్రం చూసీ చూడనట్టు ఊరుకునేవారు. అయితే గడియారం పన్నెండు కొట్టగానే తారీకు మారిపోతుంది, బార్ల బయట వ్యాన్లు సిద్ధంగా ఉండేవి. సారియా విరుగుడు చాలా చవకైనది. నల్లపిల్లి ఆకారంలో చిన్న బిళ్లలు చేయించి, 'నేను మగవాణ్ని' అని రాయించి, వేషాలు వేసుకున్నవాళ్ల బట్టలకు గుచ్చుకోమన్నాడు. పోలీసు ఆపితే బిళ్ల చూపించాలి. ఛాతీ మీద మగవాణ్నని రాసుకున్నవాడు ఎవరిని మోసం చేస్తున్నట్టు? బిళ్ల చట్టాన్ని మార్చలేదు, నేరంలో ఒక్క అంశాన్ని పీకేసింది. అంతే చాలింది, వేషానికి పట్టుకునే అరెస్టుల పట్టు సడలింది.

రెండో విరుగుడు కోర్టులో. బార్ దాడుల్లో దొరికినవాళ్లు సామాన్యంగా నేరం ఒప్పేసుకుని జరిమానా కట్టేవాళ్లు, పేపర్లో పేరు పడి ఉద్యోగం పోకుండా ఉంటే చాలని. ఈ ఒప్పుకోలు మీదే పోలీసుల పని సాఫీగా సాగేది, సాక్ష్యం వెతకాల్సిన శ్రమ ఉండదు. ఒప్పుకోవద్దు, జ్యూరీ విచారణ అడగండి అన్నాడు సారియా. ఒక్కో కేసుకు జ్యూరీని కూర్చోబెట్టాలంటే రోజులు పడతాయి. కేసులు పేరుకుపోయేసరికి, సాక్ష్యం లేనివాటిని తమ దాకా తేవద్దని న్యాయమూర్తులే ప్రాసిక్యూటర్ల మీద విసుక్కోవాల్సి వచ్చింది. ఈ సలహా ఇవ్వడం తేలిక, పాటించడం కష్టం. నేరం ఒప్పుకోని మనిషికి బెయిలు కావాలి, లాయరు కావాలి. రెండింటికీ డబ్బు కావాలి. సారియా జీవితంలో చందా అనేది మొదట ఈ అవసరం రూపంలోనే వచ్చింది.

ఓట్ల లెక్క

1961లో ఆయన నగరాన్ని పాలించే సూపర్‌వైజర్ల మండలికి పోటీ చేశాడు. ఖాళీలు ఐదు. నామినేషన్ల గడువు దగ్గరపడేదాకా పోటీదారులు పలచగానే ఉన్నారు, ఈయన గెలిచే ప్రమాదం ఉందని పెద్దలు కంగారుపడి చివరి గంటల్లో జనాన్ని పోగేసి దాదాపు ముప్పై మందిని బరిలో దింపారన్నది బాగా ప్రచారంలో ఉన్న కథనం. వచ్చిన ఓట్లు సుమారు 5,600, స్థానం తొమ్మిది. ఓడిపోయాడు. అయినా ఆ అంకె విలువ వేరు. అప్పటిదాకా నగరంలో గే ఓటు అనేది ఉందో లేదో ఎవరికీ తెలియదు, ఆ తర్వాతి ఎన్నికల్లో ఓట్లడగడానికి నాయకులు గే బార్ల గుమ్మాలెక్కారు.

ఆ ఎన్నిక నగరమంతా ఒకే నియోజకవర్గంగా జరిగింది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న సమూహానికి అలాంటి పద్ధతి ఎప్పుడూ నష్టమే. అదే నగరంలోని గే నాయకుడు హార్వీ మిల్క్ కూడా 1973లో, 1975లో ఇదే పద్ధతిలో ఓడి, వార్డులవారీ ఎన్నికలు వచ్చిన 1977లోనే సూపర్‌వైజరుగా గెలిచాడు. పదహారేళ్ల తేడాలో మారింది జనం మనసు ఒక్కటే కాదు, హద్దుల గీతలు కూడా.

ఎన్నిక తర్వాత పనులు త్వరగా కదిలాయి. 1962లో గే బార్ల యజమానులు, పనివాళ్లు కలిసి 'టావెర్న్ గిల్డ్' పెట్టుకున్నారు. దేశంలో గే వ్యాపారస్తుల మొదటి సంఘంగా దాన్ని చెబుతారు. అది చేసిన పని ఏ చిన్న ఊరి వర్తక సంఘమూ చేసే పనే. లాయరునూ బెయిలు ఇచ్చేవాణ్నీ ఎప్పుడూ అందుబాటులో ఉంచుకోవడం, పోలీసులు ఒక బార్‌లో దిగితే మిగతా బార్లకు ఫోను కొట్టడం, పట్టుబడితే ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో కరపత్రాలు పంచడం, ఖర్చులకు ఏటా బాల్ పెట్టి టికెట్లు అమ్మడం. 1964లో సారియా భాగస్వామిగా 'సొసైటీ ఫర్ ఇండివిడ్యువల్ రైట్స్' అనే గే హక్కుల సంఘం మొదలైంది. రెండేళ్లలో అది సొంత సమావేశ కేంద్రం తెరిచింది.

బ్లాక్ క్యాట్ మాత్రం నిలవలేదు. దాని యజమాని సాల్ స్టౌమెన్ గే కాదు, అయినా వాళ్లకోసం పదిహేనేళ్లు కోర్టుల చుట్టూ తిరిగాడు. గే వ్యక్తులు వచ్చి కూర్చున్నంత మాత్రాన లైసెన్సు ఆపడం కుదరదని 1951లో రాష్ట్ర సుప్రీంకోర్టు చేత చెప్పించాడు. మద్యం శాఖ వేరే సాకులు వెతుకుతూనే పోయింది. చివరికి 1963 హాలోవీన్‌కు ముందురోజు లైసెన్సు పోయింది. ఏడాదిలోకెల్లా వ్యాపారం దండిగా జరిగే రాత్రి అది, ఆ తారీకు యాదృచ్ఛికమని నమ్మాలంటే కొంచెం కష్టపడాలి. కూల్‌డ్రింకులతో కొన్నాళ్లు నడిపి, 1964లో తలుపులు మూసేశారు.

నార్టన్ గారి వితంతువు

సామ్రాజ్ఞి అయితే సరిపోదు, ఏ చక్రవర్తి తాలూకు అన్నది తేలాలి. శాన్‌ఫ్రాన్సిస్కోకు అప్పటికే ఒక చక్రవర్తి ఉన్నాడు. జాషువా నార్టన్ అనే వ్యాపారి బియ్యం బేరంలో దివాలా తీసి, 1859 సెప్టెంబర్‌లో తనను తాను అమెరికా చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. సొంత నోట్లు అచ్చేశాడు, ఫర్మానాలు జారీచేశాడు. ఊరు అతన్ని పిచ్చివాడని తరమకుండా ముచ్చటగా భరించింది. 1880 జనవరిలో పోయాడు. సారియా తన బిరుదులో 'వితంతు నార్టన్' అని చేర్చుకున్నాడు. భర్త పోయిన దాదాపు 43 ఏళ్లకు పుట్టిన భార్య! కొల్మా ఊళ్లోని వుడ్‌లాన్ శ్మశానంలో ఉన్న నార్టన్ సమాధికి ఏటా నల్లబట్టల్లో మందీమార్బలంతో వెళ్లి ఏడ్చి, నవ్వించి రావడం ఆచారమైంది.

ఈ ఎంపికలో ఉపాయం ఉంది. రాజ్యం లేని రాజుకు వారసురాలైతే ఎవరూ అభ్యంతరం చెప్పరు, ఊరి చరిత్రలో చోటు మాత్రం వచ్చేస్తుంది. పైగా సామ్రాజ్యానికి కింద ఎన్ని మెట్లయినా కట్టుకోవచ్చు. యువరాజులు, డ్యూకులు, కౌంటెస్సులు, బిరుదు ఇవ్వడానికి పైసా ఖర్చు కాదు. పుచ్చుకున్నవాడు మాత్రం ఏడాదంతా పరుగులు పెడతాడు.

ఒక శాఖ ఏడాది ఇలా గడుస్తుంది. కిరీటానికి పోటీ చేసేవాళ్లు దరఖాస్తు పెట్టుకుంటారు, బోర్డు ఇంటర్వ్యూ చేస్తుంది, సమాజంలోనివాళ్లు ఓటు వేస్తారు. గెలిచిన చక్రవర్తికీ సామ్రాజ్ఞికీ పట్టాభిషేకం బాల్‌లో కిరీటాలు పెడతారు. కొన్ని వారాల తర్వాత కొత్త దర్బారుకు బిరుదుల పంపకం జరుగుతుంది. అక్కడినుంచి ఏడాది పొడుగునా వారం వారం బార్ల లోనో హాళ్ల లోనో చందా ప్రదర్శనలు. పక్క ఊళ్ల పట్టాభిషేకాలకు ప్రయాణాలు. చివర దిగిపోయే జంట 'ఆఖరి నడక' నడిచి, ఏడాదిలో ఎంత వసూలైంది, ఎవరెవరికి ఇచ్చాం అన్నది చెప్పి, కిరీటం దించుతారు. మళ్లీ అదే కిరీటం అదే మనిషికి వెంటనే రాదు. ఇదే అసలు కీలు. పదవి ఏడాదే గనుక ఎవరూ అలసిపోయేదాకా అందులో ఉండరు. వెనకటివాళ్ల మొత్తం తెలుసు గనుక దాన్ని దాటాలనే పట్టుదల కొత్తవాళ్లకు ఉంటుంది. దిగిపోయినవాళ్లు మాజీ సామ్రాజ్ఞులుగా జీవితాంతం ముందువరసలో కూర్చోవచ్చు గనుక సంస్థను వదిలిపోరు.

డాలరు నోటు ఎక్కడికి పోతుంది

బార్ ప్రదర్శన లెక్క చూడండి. పల్లెటూళ్లలో నాటకమాడేటప్పుడు పద్యం నచ్చినవాళ్లు డబ్బిచ్చి, 'ఫలానా వారి చదివింపు' అని మైకులో చెప్పించుకోవడం గుర్తుంటే ఇది వెంటనే బోధపడుతుంది. పన్నెండు మంది కళాకారులు తలా రెండు పాటలు చేశారనుకుందాం. ఒక్కో పాటకు ప్రేక్షకులు ఒక డాలరు, అయిదు డాలర్ల నోట్లు చేతికిస్తారు. పాటకు సగటున నలభై డాలర్లు వచ్చినా ఇరవైనాలుగు పాటలకు 960 డాలర్లు. హాలుకు అద్దె లేదు, జనం తాగే మద్యం మీద బారుకు లాభం వస్తుంది. కళాకారులకు జీతం లేదు. అంటే ఖర్చు సున్నాకు దగ్గర, వచ్చింది దాదాపు మొత్తం చందాకే. మామూలు డ్రాగ్ షోలో ఆ నోట్లు కళాకారుడి సొంతం, ఇక్కడ కావు. ఈ తేడా ముందే మైకులో స్పష్టంగా చెప్పకపోతే గొడవలు వస్తాయి. కొత్తగా వచ్చిన కళాకారిణి తన టిప్పు డబ్బు పర్సులో వేసుకుని వెళ్లిపోయిందంటే తప్పు ఆమెది కాదు, చెప్పనివాళ్లది.

నోట్లు లెక్కపెట్టే పద్ధతి మీదే సంస్థ పరువు ఆధారపడుతుంది. పాట అవగానే నోట్లు మూత ఉన్న బకెట్టులో పడాలి. ఇద్దరు మనుషులు, వీలైతే ఒకరు బోర్డు నుంచి ఒకరు బయటినుంచి, అదే రాత్రి అక్కడే లెక్కపెట్టి కాగితం మీద సంతకం చేయాలి. మొత్తం ఎంతో జనం వెళ్లకముందే ప్రకటించాలి. మర్నాడు బ్యాంకులో పడ్డ మొత్తం ఆ కాగితంతో సరిపోవాలి. చిల్లర ఇవ్వడానికి ముందుగా పెట్టిన డబ్బును వసూళ్లలో కలిపేసి లెక్కపెట్టడం తరచూ జరిగే తప్పు. వంద డాలర్లు ఎక్కువ ప్రకటించేస్తారు, రెండు రోజుల తర్వాత అవి ఏమయ్యాయని గుసగుసలు మొదలవుతాయి.

లాటరీల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. కాలిఫోర్నియా చట్టం ప్రకారం చందా కోసం ర్యాఫిల్ (బహుమతుల లాటరీ) పెట్టే సంస్థ ముందే అటార్నీ జనరల్ కార్యాలయంలో నమోదు కావాలి, మొత్తం వసూళ్లలో కనీసం 90 శాతం సేవకే పోవాలి. కాబట్టి సగం విజేతకు, సగం సంస్థకు అనే '50-50' ఆట అక్కడి మామూలు సేవాసంస్థలకు కుదరదు. ఎక్కడో వేరే రాష్ట్రంలో చూసివచ్చి అదే ఇక్కడ పెట్టినవాళ్లు తెలియక చట్టం దాటినట్టే. బహుమతులు దాతల నుంచి వస్తేనే 90 శాతం నిలబడుతుంది. వైను బుట్టలు, హోటల్ గది కూపన్లు, పాత సామ్రాజ్ఞి నెక్లెసు లాంటివి. కొన్న లాటరీ టికెట్టు దాతకు పన్ను మినహాయింపు కిందికి రాదు, ఇది కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లకు తెలిసి ఉండాలి.

పట్టాభిషేకం బాల్ ఇంకో రకం. హోటల్ హాలు, భోజనాలు, లైట్లు, సౌండు, సెక్యూరిటీ అన్నీ డబ్బే. టికెట్టు వంద డాలర్లు, అందులో భోజనం విలువ అరవై అయితే దాత ఇచ్చిన విరాళం నలభై మాత్రమే. 75 డాలర్లు దాటిన ఇలాంటి చెల్లింపులకు ఏది విరాళమో ఏది ప్రతిఫలమో రాతపూర్వకంగా చెప్పాలని అమెరికా ఆదాయపన్ను శాఖ నియమం. ఒకేసారి 250 డాలర్లు గానీ అంతకు పైన గానీ ఇచ్చిన దాతకు రసీదు లేఖ లేకపోతే మినహాయింపు దక్కదు. హోటళ్లతో కుదుర్చుకునే ఒప్పందంలో కనీసం ఇన్ని భోజనాలు, ఇన్ని గదులు అనే షరతు ఉంటుంది. అమ్ముడుపోయినా పోకపోయినా ఆ డబ్బు కట్టాలి. పెళ్లి ఖర్చు కన్నా పందిరి ఖర్చు ఎక్కువైన బాల్‌లు ఇలాగే తయారవుతాయి. మెరుపంతా ఈ ఒక్క రాత్రిలోనే కనిపిస్తుంది గానీ, అసలు వసూళ్లకు ప్రాణం చిన్న బార్ షోలే.

తెలుగులో 'బెనిఫిట్ షో' అనే మాట ఎక్కడ మొదలై ఎక్కడికొచ్చిందో గమనిస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. ఒకప్పుడు ఎవరి సహాయార్థమో వేసే ఆట, ఇప్పుడు తెల్లవారుజామున అభిమానుల దగ్గర ఎక్కువ టికెట్టు గుంజే ఆట. మాట మిగిలింది, లబ్ధిదారు మారాడు. దర్బారుల్లో ఆ జారుడు జరగకుండా ఆపేది బిరుదు మోసేవాళ్ల మంచితనం కాదు, కోశాధికారి పుస్తకం.

దర్బారు ఖర్చు ఎవరు పెడతారన్నది అందరూ దాటవేసే ప్రశ్న. గౌన్లు, విగ్గులు, ప్రయాణాలు, హోటల్ గదులు చాలావరకు కిరీటం పెట్టుకున్నవాళ్ల జేబులోంచే. వస్త్రధారణ చిన్న పనేం కాదు. తుంటి ఆకారానికి పరుపు ఫోము కోసి, అంచులు పలచగా చెక్కి, దాని మీద మూడు నాలుగు జతల బిగుతు మేజోళ్లు వేయాలి. అంచు మందంగా వదిలేస్తే గౌను మీద గీత కనబడిపోతుంది. గాజురాళ్లు అంటించే జిగురు పూర్తిగా గట్టిపడడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, బాల్ రోజు ఉదయం అంటించిన రాళ్లు సాయంత్రానికి మెట్ల మీద ఉంటాయి. ఎత్తు కిరీటాన్ని విగ్గుకు కుట్టి, విగ్గును పిన్నులతో లోపలి జుట్టుకు బిగించాలి. లేకపోతే తల వంచి నమస్కరించిన మొదటిసారే కిరీటం విగ్గుతో సహా ఊడివస్తుంది. ఈ సరంజామాకు పెట్టిన సొమ్ము నేరుగా విరాళంగా ఇచ్చేస్తే పోదా అని అడిగేవాళ్లున్నారు. పోదు. గౌను లేకపోతే జనం రారు, జనం రాకపోతే నోట్లు రావు. అయితే అప్పులు చేసి ఏడాది వెలగబెట్టి తర్వాత వాయిదాలు కట్టుకునేవాళ్ల సంగతి మాత్రం శాఖలు పట్టించుకోవాల్సిందే.

శాఖలు చాలావరకు అమెరికా పన్ను చట్టంలోని 501(సి)(3) అనే నిబంధన కింద పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు. వార్షికాదాయం మామూలుగా యాభై వేల డాలర్లకు మించనివి ఏటా ఒక చిన్న ఎలక్ట్రానిక్ నోటీసు ఇస్తే సరిపోతుంది. వరసగా మూడేళ్లు ఇవ్వకపోతే మినహాయింపు దానంతటదే రద్దయిపోతుంది. బోర్డు మారిపోతూ, పాస్‌వర్డు పాత కోశాధికారి దగ్గర ఉండిపోయే సంస్థలకు ఇది మామూలుగా వచ్చే చిక్కు. కిరీటానికీ బోర్డుకూ మధ్య గీత గీయని చోట ఇంకో తగువు. ఏ సంస్థకు డబ్బివ్వాలో సామ్రాజ్ఞి వేదిక మీద మాటిచ్చేస్తుంది, చెక్కు మీద సంతకం చేసేది బోర్డు. కాబట్టి ఏడాది మొదట్లోనే లబ్ధిదారుల జాబితా రాసి ఆమోదించుకోవడం మేలు.

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష 1980లలో వచ్చింది. 1981 జూన్‌లో ఎయిడ్స్ గురించి మొదటి అధికారిక నివేదిక వెలువడేనాటికే దర్బారు శాఖలు చాలా నగరాల్లో వేళ్లూనుకుని ఉన్నాయి. మంచం పట్టినవాళ్లకు ఇంటి అద్దె కావాలి, తిండి కావాలి, పోయినవాళ్లకు అంత్యక్రియల ఖర్చు కావాలి. కుటుంబాలు ముఖం చాటేశాయి, ప్రభుత్వం ఆలస్యం చేసింది. కొత్తగా సంస్థ పెట్టి, నమ్మకం సంపాదించి, చందాలు అడగాలంటే ఏళ్లు పడుతుంది. ఇక్కడ వేదికలు, మైకులు, బకెట్లు, లెక్కలు చూసే మనుషులు, ఊరూరా పరిచయాలు సిద్ధంగా ఉన్నాయి. సరదాకి కట్టుకున్న దర్బారు సహాయ సంస్థగా పనికొచ్చింది అందుకే. ఆ ఏళ్లలో కిరీటం పెట్టుకున్నవాళ్లూ ఎందరో పోయారు.

విమర్శలు లేకపోలేదు. బిరుదుల చాంతాడు వరసలు, ఒక్కొక్క ఊరి బృందాన్నీ పేరుపేరునా పిలిచి నడిపించే పద్ధతి వల్ల బాల్‌లు అర్ధరాత్రి దాటిపోతాయి. ముప్పై బృందాలు తలా మూడు నిమిషాలు తీసుకుంటే గంటన్నర అక్కడే అయిపోతుంది. టెలివిజన్ పోటీలు చూసి పెరిగిన కొత్తతరం డ్రాగ్ కళాకారులకు ఇదంతా తాతల కాలంనాటి తతంగంలా అనిపిస్తుంది. వాళ్లకు డ్రాగ్ అంటే వృత్తి, ఉచితంగా ఆడమంటే ఎందుకాడాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. రెండూ పొసగవని మాత్రం కాదు. పోర్ట్‌లాండ్‌లో 1967 నుంచి సొంత క్లబ్బు నడిపిన డార్సెల్ XV పేరులోని ఆ అంకె, అక్కడి దర్బారు శాఖ రోజ్ కోర్టుకు పదిహేనో సామ్రాజ్ఞి కావడం వల్ల వచ్చిందే. 2016లో అత్యంత పెద్ద వయసులో వేదిక మీద ఉన్న డ్రాగ్ క్వీన్‌గా గిన్నిస్‌కెక్కి, 2023లో 92 ఏళ్ల వయసులో పోయేదాకా వృత్తినీ సేవనూ రెండు చేతులా నడిపింది.

సారియా బతుకుతెరువు మాత్రం చాలాకాలం వంటే. ప్రపంచ ప్రదర్శనలు జరిగేచోట్ల మిత్రుడితో కలిసి తినుబండారాల స్టాళ్లు నడిపాడు. 2006లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గేలకు పేరుపడ్డ కాస్ట్రో ప్రాంతంలో పదహారో వీధిలో కొంత భాగానికి ఆయన పేరు పెట్టారు. 2007లో దర్బారుల పెత్తనాన్ని శాన్‌డియాగోకు చెందిన నికోల్ మర్రే రమిరెజ్‌కు అప్పగించాడు. ఏడాదికొకసారి దిగిపొమ్మని అందరికీ నియమం పెట్టిన మనిషి తాను మాత్రం నాలుగు దశాబ్దాలు దిగలేదని కొందరు నవ్వుతారు. వ్యవస్థాపకులకు ఆ వెసులుబాటు ఎక్కడైనా ఉండేదే.

2013 ఆగస్టు 19న న్యూమెక్సికోలో ఆల్బకర్కీ పక్కన పోయాడు. సెప్టెంబర్ 6న శాన్‌ఫ్రాన్సిస్కో గ్రేస్ కెథడ్రల్‌లో ప్రార్థన జరిగింది, దేశం నలుమూలల నుంచి చక్రవర్తులూ సామ్రాజ్ఞులూ శోకదుస్తుల్లో కిరీటాలతో సహా వచ్చారు. వుడ్‌లాన్‌లో నార్టన్ సమాధి దగ్గరే తనకోసం ముందుగా ఏర్పాటు చేసుకున్న చోటులో పడుకోబెట్టారు. పట్టాభిషేకం వారాంతంలో జరిగే యాత్ర ఇప్పుడు ఒకటి కాదు, రెండు సమాధుల దగ్గర ఆగుతుంది. శీతాకాలపు వానకు అక్కడి గడ్డి మెత్తబడి ఉంటుంది, సన్నని మడమలు నేలలోకి దిగిపోతాయి. ముందే తెలిసినవాళ్లు మడమలకు ప్లాస్టిక్ తొడుగులు పెట్టుకొస్తారు, తెలియనివాళ్లు పక్కనున్న డ్యూకు భుజం పట్టుకుని నడుస్తారు.